చీనాచక్రవర్తి కొలువున వెర్బీస్టు

చీనాదేశమునఁ బూర్వము పంచాంగము పురోహితుని సొత్తు గాదు, చక్రవర్తి సొత్తు. ఆకాశపుత్త్రుఁడని పేర్కొనఁబడు రాజు ప్రతివర్షమును దానిని రాజశాసనముగా వెలువరించుచుండెను. గ్రహణగణితము తప్పెనేని యా లోపము గణకునితోఁ బోక రాజధర్మమునకే యపశకునముగా నెన్నఁబడుచుండెను. కావున నచటి గణితశాఖాధికారులకుఁ బ్రాణభయము కొత్త గాదు. 17వ శతాబ్దిలో నా శాఖ నేలిన ఫెర్డినాండు వెర్బీస్టను కతోలికగురువు చరిత్రము ఈ దృష్టితోఁ జూడఁదగినది.

వెర్బీస్టు 1623వ సంవత్సరము అక్టోబరు 9వ తేదిని ఫ్లాండర్సునందలి పిట్టెమను గ్రామమున జన్మించెను. అది యిప్పటి బెల్జియములోనిది. 1641లో ఏసుసభలోఁ జేరి, శాస్త్రముల నభ్యసించి, 1657లో లిస్బను రేవున నోడ యెక్కి మకావు మీఁదుగాఁ జీనా ప్రవేశించెను. 1660లో నాతనిని బెకింగునకుఁ బిలిపించినవాఁడు ఆదాము షాలు. కొలోనునగరవాసియైన యీ వృద్ధగురువు, మంచూరాజులు 1644లోఁ బెకింగును గైకొనిన పిమ్మట వారి గణితశాఖ కధిపతియై యుండెను.

1661లో షున్‌జీ చక్రవర్తి మశూచికముచే మృతుఁడయ్యెను. కుమారుఁడు కాంగ్షీకి అప్పటికి ఏడవయేఁడు. రాజ్యము నలుగురు మంత్రుల చేతఁ బడెను. వారిలో బలవంతుఁడు ఓబోయి. ఈ యదను జూచి యాంగ్ గ్వాంగ్‌షియన్ అను పండితుఁడు 1664లో షాలుపై నేరము మోపెను. రాజద్రోహము, దుర్మతప్రచారము, గణితదోషము అనునవి యందలి యారోపణములు. రాజశిశువు ఖననమునకు దుర్ముహూర్తము నిర్ణయించిరనునదియు వానిలో నొకటి. పక్షవాతమున మాటపడిన షాలునకు బదులుగా న్యాయసభలో వెర్బీస్టే వాదించెను. 1665లో షాలునకు దేహమును దునుకలుగాఁ గోయు శిక్ష విధింపఁబడెను. అంతలో నగరమున భూకంపము సంభవింపఁగా నధికారులు వెఱచి పాశ్చాత్యగురువులను విడిచిపుచ్చిరి. కాని శాఖలోఁ బనిచేసిన క్రైస్తవులగు చీనాగణకు లైదుగురకు మాత్రము శిరచ్ఛేదము తప్పలేదు. లీ జుబై వారిలో నొకఁడు. ఈ కథను వ్రాయువారు షాలు విడుదలను విస్తరించి యీ యైదుగురను నొక్కవాక్యమునఁ గడపుట న్యాయము గాదు. నిజముగాఁ బ్రాణములిచ్చినవారు వీరే. షాలు 1666లోఁ గాలధర్మము నొందెను.

యాంగ్ శాఖాధిపతి యయ్యెను. తనకు గణితతత్త్వము దెలియును గాని లెక్కలు తెలియవని యాతఁడే పలుమాఱులు విన్నవించుకొనియెను. మంచి పంచాంగము లేకున్నను సరియే, పాశ్చాత్యులు మాత్రము దేశమున నుండరాదని యాతని మతము. ఈ మతమును మూర్ఖతయని త్రోసివేయుట సులభము. కాని పరదేశీయుల గణితము వెంట పరదేశీయుల ప్రభుత్వమును రాఁగలదను భయము వట్టి భ్రమ కాదని తరువాతి శతాబ్దులు చూపినవి.

1668 డిసెంబరులో నప్పటికిఁ బదునాలుగేండ్లవాఁడైన కాంగ్షీ ఉభయపక్షములకును బరీక్ష పెట్టెను. శంకువు నిలిపినచో మధ్యాహ్నమున దాని నీడ యెంతవఱకు వచ్చునో ముందుగాఁ జెప్పవలెను. త్రిప్రశ్నాధికారము చదివినవారికి నీ విధానము పరిచితమే. స్థలముయొక్క యక్షాంశమును నాఁటి సూర్యక్రాంతియుఁ దెలిసినచో నతాంశము లభించును. దానివలన ఛాయ సిద్ధించును. పెకింగు అక్షాంశము దాదాపు 40. డిసెంబరు చివర దక్షిణక్రాంతి 23కుఁ గొంచెము పైన. కాఁగా నతాంశము 63 దాఁటును. నీడ శంకువునకు నించుమించు రెండింతలగును. ఆ స్థితిలో నంశ మొక్కటి పొరపడినచో ద్వాదశాంగులశంకువు నీడలో నంగుళము తప్పును. దాఁచుటకు వీలులేని తప్పది. వెర్బీస్టు మూఁడుదినములు గీఁత గీసి చూపెను. మూఁడుదినములును నీడ యా గీఁతను ముట్టెను. ప్రతిపక్షులు లెక్క చెప్పఁజాలరైరి.

పిదపఁ బంచాంగము పరీక్షకు వచ్చెను. 1669 సంవత్సరపుఁ బంచాంగమున యాంగ్ పక్షమువారు పండ్రెండవమాసము తరువాత నధికమాసము నుంచియుండిరి. సంక్రాంతి లేని చాంద్రమాస మధికమని మన శాస్త్రము. చీనావారి సూత్రమును సారమున నదియే. సాయనసంక్రాంతులను గొనుటయే భేదము. వెర్బీస్టు లెక్కచొప్పున నధికమాసము మఱుసటియేఁట రెండవమాసము తరువాతఁ బడవలెను. పంచాంగ మప్పటికే రాజముద్రతో వెలువడియుండెను. ప్రకటించిన మాసమును దీసివేయుట చక్రవర్తి గౌరవమునకుఁ గొఱఁత గాదా యని మంత్రులు తల్లడిల్లిరి. కాంగ్షీ తీసివేయించెను. యాంగ్ పదవి పోయెను; మరణశిక్ష పడి, వార్ధకముచే మన్నింపఁబడి, స్వగ్రామమునకుఁ బోవుచు దారిలోఁ జనిపోయెను. ఆ యేఁడే ఓబోయియుఁ జెఱఁబడెను. బాలచక్రవర్తికి శంకుచ్ఛాయతోఁ బాటు మంత్రుల బలమునుగూడఁ గొలువవలసిన యవసరముండెనని చెప్పినఁ దప్పుగాదు.

శాఖ వెర్బీస్టు వశమైనది. పంచాంగముతోఁ బాటు శుభాశుభదినములును రాజకీయముగా వెలువడవలెను గదా! క్రైస్తవగురువున కిది ధర్మసంకటము. ఆతఁడు 1669లోనే ముహూర్తశకునములను ఖండించు చిన్నగ్రంథములు రచించి తన మనస్సును దెలిపెను. 1673 నాఁటికిఁ గంచుతో నాఱు మహాయంత్రములు సిద్ధము చేయించెను: విషువద్వలయయంత్రము, క్రాంతివలయయంత్రము, దిగంశవలయము, తురీయయంత్రము, షష్ఠాంశయంత్రము, ఆఱడుగుల చీనామానపు వ్యాసముగల ఖగోళము. ఇవి టైకో బ్రాహి మార్గము ననుసరించినవి. దూరదర్శిని పుట్టి యఱువదేండ్లు దాఁటినను వీనిలో నది లేదు. భూభ్రమణవాదమును రోమునగర ధర్మాధికారులు 1616లో నిషేధించియుండుటచే దానిని బోధించుటయు నాతనికిఁ గూడదయ్యెను. శిల్పమున నద్భుతములైనను శాస్త్రమున నీ యంత్రములు పోఁతపోసిన నాఁటికే ప్రాఁతవి.

1673లో వూ సాంగ్వీ దక్షిణదేశమునఁ దిరుగఁబడఁగాఁ జక్రవర్తి ఫిరంగులు పోయింపుమని గురువు నాజ్ఞాపించెను. సన్న్యాసికిఁ దగని పనియని యాతఁడు మొదట వెనుదీసియుఁ దుదకుఁ బూనుకొని, ముందు 132 పెద్దఫిరంగులను, పిమ్మట 320 తేలికవానిని బోయించెను. వానికిఁ బుణ్యపురుషుల పేళ్లు పెట్టి దీవించెను. ఐరోపాలోఁ గొందఱు దీనిని దూషించిరి. దూషణము నిర్హేతుకము గాదు. కాని యా యాజ్ఞను గాదన్నచో దేశమందలి గురువులకెల్ల నెట్టిగతి పట్టియుండునో 1665 నాఁటి తీర్పే చెప్పుచున్నది.

1674లో యంత్రవర్ణనగ్రంథమును, భూమండలపటమును బ్రకటించెను. 1687లో నైరోపాలో నచ్చుపడిన యాతని లాటినుగ్రంథమున నావిరిచేఁ దనంతఁ దిరుగు చిన్నబండి వర్ణన మున్నది. మంచూభాషకు లాటినులో రచింపఁబడిన వ్యాకరణము నీతనిదేయని పలువుర నిర్ణయము. ప్రత్యయములు చేర్చుకొను నా భాష లాటినువిభక్తుల మూసలోఁ బోయఁబడినది. తెలుఁగును సంస్కృతపు మూసలోఁ బోసిన వ్యాకర్తల నెఱిఁగిన మనకిది వింత గాదు. 1683లోఁ బాశ్చాత్యతర్కమును సమగ్రముగాఁ జీనాభాషలో సంగ్రహించి సమర్పింపఁగాఁ జక్రవర్తి ముద్రణమున కనుమతి నీయలేదు. లెక్కకును ఫిరంగికిని దెఱువఁబడిన తలుపు తత్త్వమునకుఁ దెఱువఁబడలేదు.

1688 జనవరి 28న వెర్బీస్టు దివంగతుఁడయ్యెను. రాజమర్యాదలతో సమాధి జరిగెను. "చిన్‌మిన్" అను మరణోత్తరబిరుద మొసంగఁబడెను. ఇట్టి బిరుదము చీనాలోఁ బాశ్చాత్యగురువులలో నింకెవ్వరికిని దక్కలేదు. మఱికొందఱు శాస్త్రజ్ఞులను బంపుఁడని యాతఁడు వ్రాసిన విన్నపము నాలించి పదునాలుగవ లూయీ పంపిన ఫ్రెంచిగణకులు ఫిబ్రవరిలోఁ బెకింగు చేరిరి. 1900లో విదేశసైన్యములు నగరమును దోఁచినపుడు వేధశాలయందలి యంత్రములను ఫ్రెంచివారును జర్మనులును బంచుకొనిరి. ఫ్రెంచివారు కొలఁదికాలములోఁ దిరిగి యిచ్చిరి. జర్మనులు గొనిపోయినవి వెర్సేల్సు సంధి షరతుచే 1921లో మరలివచ్చినవి. ఆఱు యంత్రములును నేఁడు బీజింగు ప్రాచీనవేధశాల మేడపై నున్నవి.