సన్నటి రంధ్రాల్లో తొక్కిసలాట

మా రిపేరు కొట్లో కెపాసిటర్‌ని ఇప్పటికీ కండెన్సర్ అనే అంటాం. మైక్రోఫారడ్‌లతో బతికే మాకు ఒక ఫారడ్ అంటే చాలా పెద్ద అంకె. అక్కడికి దారి వేసింది బొగ్గు.

1957లో జనరల్ ఎలక్ట్రిక్‌కి చెందిన హోవర్డ్ బెకర్ ఒక పేటెంటు పొందాడు. రంధ్రాలున్న బొగ్గును ఎలక్ట్రోలైట్ ద్రవంలో ఉంచితే విపరీతంగా ఛార్జి పడుతోంది. లోపల ఏం జరుగుతోందో కచ్చితంగా తెలియదని ఆ పేటెంటులోనే ఒప్పుకున్నాడు. ఇవాళ అలా రాసే ధైర్యం ఎవరికుంది! నిజానికి రసాయన చర్యేమీ లేదు. ద్రవంలోని అయాన్లు బొగ్గు గోడలను ఆనుకుని నిలబడతాయి, అంతే. గ్రాము ఉత్తేజిత బొగ్గులో ఆ గోడల వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది. ఒహాయో స్టాండర్డ్ ఆయిల్ దగ్గర లైసెన్సు తీసుకుని జపాన్ ఎన్ఈసీ 1970లలో దీన్ని సూపర్ కెపాసిటర్ పేరుతో అమ్మింది. కరెంటు పోయినా టైము మర్చిపోని మెషీన్లలో, బోర్డు మీద 5.5 వోల్టులని రాసి ఉండే గుండ్రటి బిళ్ల అదే.

ఒక నానోమీటరు కన్నా సన్నటి రంధ్రాలు ఎందుకూ పనికిరావనుకునేవారు. 2006లో ఫిలడెల్ఫియాలో యూరీ గొగోట్సి, తులూజ్‌లో పాట్రిస్ సిమాన్ బృందాలు కలిసి చూస్తే, వాటిలోనే నిల్వ పెరిగింది. అయాన్లు తమను చుట్టుకున్న ద్రావణి అణువులను కొంత విదిల్చుకుని మరీ దూరుతున్నాయి.

నిల్వ దక్కింది, వేగం పోయింది. ఆ రంధ్రంలో ముందే రెండు రకాల అయాన్లూ ఉంటాయి. వోల్టేజీ ఒక్కసారిగా ఇస్తే వ్యతిరేక ఆవేశం ఉన్నవి ఎగబడి ముఖద్వారాన్ని మూసేస్తాయి. బయటికి పోవాల్సినవి లోపలే చిక్కుకుంటాయి. ప్యాసింజరు రైల్లో దిగేవాళ్లను దిగనివ్వకుండా ఎక్కేవాళ్లు తోసుకున్నట్టే. 2018లో బ్రైట్‌ష్‌ప్రెషర్, హోల్మ్, కొంద్రాత్ కంప్యూటర్ లెక్కలతో దీనికి ఉపాయం చూపించారు: వోల్టేజీని నిదానంగా పెంచితే ఛార్జింగు ముందే పూర్తవుతుంది. మరీ నిదానమైనా లాభం లేదు, దానికీ ఓ తగిన వేగం ఉంది. 2020లో ప్రయోగాలూ ఆ మాటే చెప్పాయి.

నాకు అసలు ఆశ్చర్యం డిశ్చార్జి సంగతి. కండెన్సర్‌ని ఖాళీ చేయాలంటే రెండు కాళ్లూ కలిపి షార్ట్ చేయడమే మాకు తెలిసిన దగ్గరదారి. ఈ రంధ్రాలు మాత్రం, వోల్టేజీని ముందు తిరగేసి ఆపైన సున్నాకు తెస్తే, అంతకన్నా చాలా త్వరగా ఖాళీ అవుతాయని ఆ 2020 పరిశోధనే తేల్చింది. ప్లస్సు మైనస్సులు తిరగేస్తే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ పేలిపోతుందని కుర్రాళ్ల మీద కేకలేసే నేను ఆ భాగాన్ని రెండోసారి చదవక తప్పలేదు.