కోరంగి రేవు - తాతల ఊరు

యానాంకు చేరువలో, మడ అడవుల అంచున, కోరంగి అనే గ్రామం ఉంది. నేడు ఆ పేరు వినగానే అభయారణ్యం స్ఫురిస్తుంది. ఒకప్పుడు మాత్రం అది నౌకానిర్మాణానికి పేరుపొందిన రేవు. 1839 నాటి ఉప్పెన ఆ రేవును తీవ్రంగా దెబ్బతీసింది. అయినను ఆ పేరు సముద్రం దాటి నిలిచింది. మారిషస్ ద్వీపంలో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని వ్యవహరించారు. ఓడ ఎక్కిన రేవు పేరే ఒక జనసమూహానికి పేరైంది.

ఫ్రెంచివారు 1820ల చివరనే యానాం నుంచి కొందరు కూలీలను బూర్బన్ ద్వీపానికి, అనగా నేటి రీయూనియన్‌కు తరలించారు. బానిసత్వం రద్దయిన తరువాత మారిషస్ చెరకు తోటలకు కూలీలు అవసరమయ్యారు. 1834 నుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందాలపై అక్కడికి చేరారు. వారిలో గంజాం, విశాఖపట్టణం, గోదావరి ప్రాంతాల తెలుగువారు కూడా ఉన్నారు. 1843లో కోరంగి నుంచి వెళ్లిన తెలుగువారిని తీసుకుపోయిన ఓడ పేరు సైతం ‘కోరంగా పాకెట్’.

పోర్ట్ లూయీ రేవులో దిగిన ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, గ్రామం, జిల్లా నమోదు చేసేవారు. తరువాతి కాలంలో ఛాయాచిత్రమూ చేర్చారు. ఆ దస్తావేజులు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ముత్తాత సంఖ్య తెలిసిన మనుమడికి అదే తొలి ఆధారం.

అయితే అక్కడి నుంచి ఊరు చేరడం సులభం కాదు. దస్తావేజులో తండ్రి పేరు ఉంటుంది గాని ఇంటిపేరు ఉండదు. కూలీ సొంత పేరే క్రమంగా సంతానానికి వంశనామమైంది. తెలుగు రాని గుమాస్తా చెవికి వినిపించినట్లు ఊరి పేరు వ్రాశాడు. ఒకే పేరుగల ఊళ్లు అనేకం. జిల్లాలూ మారాయి. నాడు గంజాంలో ఉన్న టెక్కలి 1936లో ఒరిస్సా ఏర్పడినపుడు విశాఖపట్టణం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. కాగితంలోని ‘గంజాం’ను నమ్మి నేటి ఒడిశాలో మాత్రమే వెదకినవారికి ఆ ఊరు దొరకదు.

కాగితం చెప్పలేనిది ఆచారం చెబుతుంది. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను, అమ్మోరును కొలుస్తారు, రామభజన చేస్తారు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. ఊరి పేరు మరచినవారికి కూడా సింహాచలం కొండ దారి చూపే గుర్తయింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి.

2024లో భారత ప్రభుత్వం మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడవ తరం వరకు ప్రవాస పౌరసత్వ అర్హత కల్పించింది. దీనితో పూర్వికుని దస్తావేజు భావోద్వేగానికే గాక హక్కుకు కూడా ఆధారమైంది.

పొట్టకూటికై ఊరు విడిచినవారికి చరిత్ర వ్రాసుకొనే తీరిక ఎక్కడిది? వారి కథను గుమాస్తా ఒక్క పంక్తిలో ముగించాడు. ఇంటి పెద్దలు జీవించి ఉండగానే ఇంటిపేరు, తాతల గ్రామం, కులదైవం అడిగి వ్రాసి ఉంచే విద్యార్థి, రాబోయే తరాలకు ఆ వెదకులాట తప్పించినవాడవుతాడు.