శస్త్రానికి ముందు నిరీక్షణ

గుణదల వాసులకు కాలువల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. విజయవాడలో బ్యారేజి వద్ద మళ్లిన కృష్ణ నీరు బందరు, రైవస్, ఏలూరు కాలువలుగా చీలుతున్నది. ఒక కాలువ తలుపులు దించి ఆ నీటిని మరొక కాలువకు మళ్లించవచ్చు. నీరు తప్పిన చేను ఎండుతుంది. అందిన చేను ఏపుగా పెరుగుతుంది. మన కాలేయానికీ ఇదే న్యాయం వర్తిస్తుందని 1920లో వెల్లడైనది.

ప్రేగుల నుండి ఆహార సారాన్ని మోసుకొనివచ్చే పెద్ద సిర ఒకటి కాలేయంలో కుడి, ఎడమ శాఖలుగా చీలుతుంది. దీనినే నిర్వాహక సిర అంటారు. కాలేయానికి అందే రక్తంలో సుమారు 75 శాతం దీని ద్వారా, తక్కినది ధమని ద్వారా చేరుతుంది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయంలో పేటన్ రౌస్, లూయిజ్ లారిమోర్ అనే శాస్త్రజ్ఞులు కుందేళ్లలో ఈ సిర శాఖ నొకదానిని కట్టివేసి చూచినారు. ఆ వైపు భాగం క్రమంగా కృశించినది. రక్తం మళ్లిన భాగం పెరిగి లోటును పూడ్చినది.

ఈ సత్యం మానవులకు పూర్తిగా ఉపకరించడానికి అరువది ఏండ్లకు పైగా పట్టినది. ఈ లోగా కాలేయాన్ని కోయడంలో శస్త్రవైద్యులు ఆరితేరినారు. ప్యారిస్‌లో లోర్తా జాకోబ్ కుడి కాలేయాన్ని క్రమపద్ధతిలో తొలగించి, ఆ విషయాన్ని 1952లో ప్రకటించినారు. అయినను ఒక చిక్కు మిగిలినది. కోయకుంటే క్యాన్సర్ ప్రాణం తీస్తుంది. కోస్తే మిగిలిన చిన్న ముక్క దేహ భారాన్ని మోయలేదు.

1980 దశాబ్దంలో జపాను వైద్యుడు మసతోషి మకూచి దీనికి మార్గం చూపినారు. తీసివేయదలచిన వైపు సిర శాఖను ముందుగానే మూసివేసి, రెండవ వైపు పెరిగిన పిమ్మట శస్త్రచికిత్స చేసినారు. అదే దేశంలో కినోషిత బృందం 1986లో కాలేయ క్యాన్సర్ రోగులలో దీని ఫలితాలను ప్రకటించినది.

నేడు సాధారణంగా చర్మం గుండా సూదిని పంపి, జిగురుతోనో సూక్ష్మ రేణువులతోనో ఆ శాఖను మూస్తారు. మూడు నుండి ఆరు వారాలు ఆగి, స్కానింగులో పెరుగుదలను కొలుస్తారు. ఆరోగ్యమైన కాలేయంలో కనీసం 20 నుండి 25 శాతం, గట్టిపడిన కాలేయంలో సుమారు 40 శాతం మిగలాలని వైద్యుల లెక్క. కొందరిలో కాలేయం తగినంత పెరగదు. కొందరిలో ఈ లోగా వ్యాధే ముదురుతుంది. అట్టివారికి కోతను మానుకొని వేరు చికిత్స చూడవలసి వస్తుంది.

క్యాన్సర్ అని తెలిసిన పిమ్మట వైద్యుడు కొన్ని వారాలు ఆగుదామంటే ఇంటిల్లిపాదీ కలవరపడడం సహజం. ఆ వారాలు వృథా పోవు. రోగిని బ్రతికించవలసిన కాలేయం పెరిగేది ఆ వారాలలోనే.