బంకలో చిక్కిన పుప్పొడి

పైన్, దేవదారు వంటి శంకుధారి చెట్ల వంశచరిత్ర రాయడానికి ఆధారాల కొరత లేదు. 30 కోట్ల ఏళ్లకు పైబడిన రాతిపొరల్లోనే వాటి రెమ్మలు దొరికాయి. చేవ ఉన్న కలప, గట్టి కాయలు, గాలికి విడిచిపెట్టే లెక్కలేనంత పుప్పొడి... రాయిగా మిగలడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అడవి ఆర్కిడ్‌కు ఇవేవీ లేవు. ఒళ్లంతా మెత్తన. గింజ దుమ్ము రేణువంత. అందులో తిండి నిల్వ ఉండదు. శిలీంధ్రం తోడు దొరికితేనే మొలక. ఈ గుట్టును 1899లో ఫ్రాన్స్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ విప్పాడు. ఆర్కిడ్ తన పుప్పొడినీ గాలికి వదలదు, ముద్దకట్టి పురుగు ఒంటికి అంటిస్తుంది. పురుగు చస్తే ఆ ముద్దా మట్టిపాలే. శంకుధారులు ఆరువందల జాతుల పైచిలుకు. ఆర్కిడ్లు సుమారు 28,000. అంత పెద్ద కుటుంబానికి నమ్మదగ్గ శిలాజం ఒక్కటీ లేకపోవడంతో, ఇవి ఈమధ్య పుట్టినవేనని వాదించినవారూ ఉన్నారు.

2007లో ఆ లోటు తీరింది. డొమినికన్ రిపబ్లిక్ అంబర్‌లో, అంటే శిలాజంగా మారిన చెట్టు బంకలో, చిక్కుకున్న ఓ కొండిలేని తేనెటీగ వీపు మీద ఆర్కిడ్ పుప్పొడి ముద్ద కనిపించింది. వయసు కోటిన్నర నుంచి 2 కోట్ల ఏళ్లు. దాని ఆసరాతో హార్వర్డ్ పరిశోధకుడు శాంటియాగో రామిరెజ్ బృందం జన్యువుల లెక్క కడితే, ఆర్కిడ్ల పుట్టుక 7.6 నుంచి 8.4 కోట్ల ఏళ్ల కిందటికి జరిగింది. అంటే డైనోసార్లు తిరుగుతున్న కాలం! ఆ అంబర్ మన చింతచెట్టుకు చుట్టమైన ఒక చెట్టు బంక.

2017లో అంబర్ శిలాజాల పరిశోధకుడు జార్జ్ పోయినార్ ఇంకా పాతది చూపించారు. బాల్టిక్ తీరపు అంబర్‌లో, ఓ చిన్న ఈగ కాలికి అంటుకున్న ముద్దను నాలుగైదు కోట్ల ఏళ్ల నాటి ఆర్కిడ్ పుప్పొడిగా గుర్తించారు. బాల్టిక్ అంబర్ శంకుధారి చెట్ల బంకే. ఏ చెట్టన్నది మాత్రం పండితులు ఇంకా తేల్చుకోలేదు. గాయం మాన్పుకోవడానికి చెట్టు కార్చిన బంక, దానితో దగ్గరి బంధుత్వం లేని పువ్వుకు సాక్ష్యమైంది. నా దృష్టిలో శంకుధారుల చరిత్రలో ఇంతకన్నా ఆసక్తికరమైన ఘట్టం లేదు.

మన నేల సంగతి తిరగబడింది. ఒంగోలు దగ్గరి వేమవరంలో, పాత ఆదిలాబాద్ జిల్లా గంగాపూర్‌లో డైనోసార్ల కాలమైన క్రెటేషియస్ నాటి శంకుధారుల ఆకులు, రెమ్మలు రాళ్లలో దొరికాయి. ఆ చెట్లు ఇక్కడ ఏనాడో అంతరించాయి. ఆర్కిడ్లు తూర్పు కనుమల్లో ఇప్పటికీ పూస్తున్నాయి. అరకు దారిలో కనిపించే పైన్ తోపులంటారా, అవి మనుషులు నాటినవి.