బొబ్బిలి కొండరాయి, భీమిలి గాలి

బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధమో, గొల్లపల్లి వీణో గుర్తొస్తుంది. ఆ ప్రాంతపు కొండలది అంతకన్నా ఎంతో పాత చరిత్ర. అది తెలియాలంటే ఒకసారి సముద్రం ఒడ్డుకు వెళ్లాలి. బొబ్బిలి చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. ఎండకూ వానకూ అది చివికి, అందులోని తెల్లని క్వార్ట్జ్, ఎర్రని గార్నెట్, సిల్లిమనైట్ రేణువులు విడిపోతాయి. వేగావతి నది వాటిని నాగావళికి చేరుస్తుంది, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుపుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అల వెనక్కి తగ్గాక, లేత ఇసుక మీద ముదురు ఎరుపు, నలుపు చారలు మిగులుతాయి. ఎర్రని గార్నెట్, నల్లని ఇల్మెనైట్ బరువైనవి కనుక అలకూ గాలికీ త్వరగా లొంగవు. తేలికైన క్వార్ట్జ్ ఎండిన వెంటనే గాలి దాన్ని లోపలికి తోసుకుపోతుంది.

ఈ గాలి పని అతి పెద్దగా మిగిలిన చోటు విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. బొబ్బిలి ఇసుకే అక్కడికి చేరిందని నేననను. భీమిలి వెనక కొండలదీ ఇదే రాతి జాతి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1886లోనే ఈ దిబ్బల గురించి రాశాడు. 2014లో భారత భూగర్భ సర్వే వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దాదాపు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం తారస్థాయిలో, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. అంతవరకూ నీటి అడుగున ఉన్న ఇసుక మైళ్ల కొద్దీ బయటపడింది. వానలు తగ్గాయి, పచ్చదనం పలచబడింది. గాలికి ఇంతకన్నా ఏం కావాలి?

వాగులే ఈ దిబ్బల్ని పేర్చాయని, అక్కడి లోతైన గెడ్డలే అందుకు సాక్ష్యమని కొందరంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు, అడుగు పొరల్లో నీటి పాత్ర ఉండొచ్చు. కానీ గెడ్డలు కోత గురించి చెబుతాయి, పేర్పు గురించి కాదు. వాగు పేర్చిన చోట గులకా ఇసుకా కలిసి పడతాయి. ఇక్కడ పై పొరల్లో గులక లేకుండా ఒకే రకం సన్నని ఇసుక గుట్టలుగా పడి ఉంది. ఎరుపు కూడా తర్వాత వచ్చిందే. గార్నెట్ వంటి ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి రేణువుల చుట్టూ పూతలా పట్టుకుంది. తమిళనాడులో తేరి అనే ఎర్ర ఇసుకలదీ ఇదే తీరు.

మరి అదే గాలి ఇప్పుడు వీస్తున్నా అంతటి దిబ్బలు ఎందుకు లేవడం లేదు? గాలి బలం ఒక్కటే చాలదు కనుక. మన గాలి పీడనంలో నూరో వంతు కూడా లేని అంగారకుడి మీద దిబ్బలు నేటికీ కదులుతున్నాయి. శనిగ్రహపు చందమామ టైటాన్ మీద గాలులు నెమ్మదివే, అయినా అక్కడ వంద మీటర్ల ఎత్తు దిబ్బల వరుసల్ని కాసిని వ్యోమనౌక రాడార్ చూపింది. మందమైన వాతావరణం, తక్కువ గురుత్వాకర్షణ, పొడి రేణువులు అక్కడ కలిసొచ్చాయి. మన తీరంలో సముద్రం మళ్లీ పైకొచ్చి ఆ ఇసుక మైదానాన్ని ముంచింది. మిగిలిన నేలను వానా, గడ్డీ, ఆపై మనిషి నాటిన జీడిమామిడి, సరుగుడు తోటలూ పట్టి ఉంచాయి.