ధారూర్ నుంచి గ్రూప్-1: జనరల్ స్టడీస్ సిలబస్‌లో మన ఊరు ఎక్కడుంది?

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ మూడో పేపర్ పేరు 'భారత సమాజం, రాజ్యాంగం, పాలన'. దీనికి 150 మార్కులు, మూడు గంటల సమయం. ఈ పేపర్ సిలబస్‌లో కులం, వెట్టి, జోగిని వ్యవస్థ, వలస, రైతుల దుస్థితి, సామాజిక ఉద్యమాలు ఉన్నాయి. వికారాబాద్ జిల్లా ధారూర్ మండలంలో పెరిగిన దళిత విద్యార్థికి వీటిలో చాలావరకు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నవే, ఊళ్లో చూసినవే. కానీ చూసింది చూసినట్టు రాస్తే మార్కులు రావు. పరీక్ష అడిగేది అధికరణం నంబరు, చట్టం పేరు, సంవత్సరం, తీర్పు, అమలులోని లోపం, దానికి మార్గం. మనకు తెలిసిన జీవితానికి ఈ ఆరింటినీ జతచేసే పద్ధతిని, ధారూర్, తాండూర్, వికారాబాద్ ప్రాంతపు ఉదాహరణలతోనే, ఇక్కడ వివరిస్తున్నాం.

పరీక్ష స్వరూపం

గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో ఒకే పేపర్ ఉంటుంది: జనరల్ స్టడీస్, మెంటల్ ఎబిలిటీ. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపర్ మాత్రమే. మిగతా ఆరింటికి ఒక్కోదానికి 150 చొప్పున మొత్తం 900 మార్కులు:

1. జనరల్ ఎస్సే
2. చరిత్ర, సంస్కృతి, భూగోళశాస్త్రం
3. భారత సమాజం, రాజ్యాంగం, పాలన
4. ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి
5. సైన్స్ అండ్ టెక్నాలజీ, డేటా ఇంటర్‌ప్రిటేషన్
6. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం

ఇంటర్వ్యూ లేదు. మెయిన్స్‌ను తెలుగులో రాయవచ్చు. అయితే ఎంచుకున్న మాధ్యమంలోనే అన్ని పేపర్లూ రాయాలి. గ్రూప్-2లో నాలుగు ఆబ్జెక్టివ్ పేపర్లు, 600 మార్కులు. సిలబస్ చాలావరకు ఇదే. యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ నాలుగు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. మొదటి పేపర్లో భారత సమాజం, రెండో పేపర్లో బలహీన వర్గాల రక్షణ చట్టాలు, సంస్థలు, మూడో పేపర్లో భూసంస్కరణలు ఉన్నాయి. ఒకే నోట్స్ మూడు పరీక్షలకూ పనికొస్తుంది.

ముందే లెక్కేసుకోవాల్సింది: కాలం

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. 2022 అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్ జరిగాయి. అంటే ఒక అభ్యర్థి ప్రిలిమ్స్ హాల్లో మూడుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్ బిల్లు రెండేళ్లకు పైగా కట్టగలిగిన ఇంటికి ఇది ఆలస్యం. కూలి డబ్బుతో పిల్లను చదివించే ఇంటికి ఇది చదువు మానేయాల్సిన పరిస్థితి. అందుకే నోటిఫికేషన్ వచ్చాక నగరానికి వెళ్లి మొదలుపెట్టే పద్ధతిని మేము సూచించం. ఊళ్లో ఉంటూ, చిన్న ఉద్యోగమో పనో చేసుకుంటూ పునాది వేసుకోవాలి. ప్రిలిమ్స్ దాటాకే నగరం ఖర్చు పెట్టుకోవాలి.

వికారాబాద్ జిల్లా నుంచి సిలబస్‌కు

ఉదాహరణ దగ్గరిదైతే జవాబు గుర్తుంటుంది, కొత్తగానూ ఉంటుంది. ఈ ప్రాంతం నుంచి కనీసం ఆరు అంశాలను నేరుగా సిలబస్‌కు జతచేయవచ్చు.

భూగోళం: మూసీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. తాండూర్ వైపు పారే కాగ్నా నది భీమాలో, భీమా కృష్ణలో కలుస్తాయి. తాండూర్ సున్నపురాయి వల్లే నాపరాయి గనులు, సిమెంటు పరిశ్రమ వచ్చాయి. తాండూర్ కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాలుగో పేపర్లో వ్యవసాయం, పరిశ్రమల జవాబులకు ఇవి పనికొస్తాయి.

అసైన్డ్ భూమి: ఊళ్లో 'లావణి పట్టా' అని పిలిచే భూమి గురించిన చట్టం 1977 నాటి అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం. భూమి లేని పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. దీన్ని 1949 జాగీర్ల రద్దు, 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1973 భూపరిమితి చట్టం, 2025 భూభారతి చట్టంతో వరుసగా రాస్తే భూసంస్కరణల మీద పూర్తి జవాబు అవుతుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో మొదలైన భూదానోద్యమాన్ని రాసేటప్పుడు వినోబా భావే, వెదిరె రామచంద్రారెడ్డి పేర్లతో ఆపొద్దు. ఆ రోజు 80 ఎకరాలు కావాలని అడిగింది ఆ ఊరి దళితులు. ఆ ఒక్క వాక్యం జవాబును మార్చేస్తుంది.

భూసేకరణ: 2024 నవంబర్ 11న ఇదే జిల్లా దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా కోసం భూసేకరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుండగా అధికారుల మీద దాడి జరిగింది, తర్వాత అరెస్టులు జరిగాయి. అరెస్టయిన వారిలో లంబాడా రైతులున్నారు. అదే నెలలో ఫార్మా కోసం ఇచ్చిన నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, పునరావాసం గురించి రాయడానికి ఇది ఉదాహరణ. పక్షం తీసుకోకుండా, వరుసగా జరిగింది రాయాలి.

రిజర్వుడ్ స్థానం: ధారూర్ ఉన్న వికారాబాద్ అసెంబ్లీ నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడ్. శాసనసభలో రిజర్వేషన్ 332వ అధికరణం. దాని గడువు 334వ అధికరణం. 104వ సవరణతో ఆ గడువు 2030 జనవరి 25 దాకా పొడిగింది.

స్థానికత: 371-డి అధికరణం, 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు, స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు. మొదట జోగులాంబ జోన్‌లో ఉన్న వికారాబాద్ జిల్లాను 2021లో చార్మినార్ జోన్‌లోకి మార్చారు. మీరు ఏ జోన్ స్థానికులో ఇదే తేలుస్తుంది.

దళిత క్రైస్తవులు: ధారూర్‌లో ఏటా నవంబర్‌లో మెథడిస్ట్ క్రైస్తవ జాతర జరుగుతుంది. పరీక్షలో దీనికి సరిపోయే అంశం 1950 రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, అందులోని మూడో పేరా. ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు రాష్ట్రంలో బీసీ-సి గ్రూపులోకి వస్తారు, వాటా 1 శాతం. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.

కంఠస్థం కావాల్సిన వరుస

ఈ వరుసను ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

1906: భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి స్థాపన
1917: బెజవాడ సభలో 'పంచమ' మాట వదిలి 'ఆది ఆంధ్ర' పేరు
1950: అధికరణం 17, అంటరానితనం రద్దు
1951: మొదటి సవరణ, 15(4), నేపథ్యం చంపకం దొరైరాజన్ కేసు
1955: అంటరానితనం నేరాల చట్టం, తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టం
1976: వెట్టిచాకిరి నిర్మూలన చట్టం
1985 జులై 17: కారంచేడు
1988: దేవదాసీ, జోగిని అంకిత నిషేధ రాష్ట్ర చట్టం
1989: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, అమలు 1990 జనవరి 30 నుంచి
1991 ఆగస్టు 6: చుండూరు
1992: ఇంద్రా సాహ్నీ తీర్పు
1995: 77వ సవరణ, 16(4-ఎ), పదోన్నతుల్లో రిజర్వేషన్
2003: 89వ సవరణ, ఎస్సీ, ఎస్టీలకు వేర్వేరు జాతీయ కమిషన్లు (338, 338-ఎ)
2013: పాకీ పనివారి నియామక నిషేధ చట్టం
2015: అట్రాసిటీ చట్టానికి సవరణ
2018: సుభాష్ కాశీనాథ్ మహాజన్ తీర్పు, ఆ తర్వాత 18-ఎ సెక్షన్

వర్గీకరణ మీద జవాబు

ఈ ప్రశ్న వస్తే మన కులాన్ని బట్టి కోపమో సంతోషమో ముందు వస్తుంది. అది పక్కన పెట్టి పరిణామాన్ని రాయాలి. 1994లో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. 2000లో ఉమ్మడి రాష్ట్రం ఎస్సీలను ఎ, బి, సి, డిగా వర్గీకరించింది. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసులో 6-1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ నివేదిక తర్వాత తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి: మొదటి గ్రూపులో 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపులో 18 కులాలకు 9 శాతం, మూడో గ్రూపులో 26 కులాలకు 5 శాతం.

జవాబులో రెండు వాదనలూ కనిపించాలి. ఒకటి, ఉప కులాల మధ్య అవకాశాలు సమానంగా అందలేదన్నది. రెండోది, మొత్తం వాటా పెరగకుండా పంచడం వల్ల ఐక్యత దెబ్బతింటుందన్నది. 2011 జనగణనలో రాష్ట్ర ఎస్సీ జనాభా 15.45 శాతం. 2024లో రాష్ట్రం చేసిన కులసర్వేలో 17.43 శాతం. రిజర్వేషన్ 15 శాతమే. ఈ మూడు అంకెలతో ముగిస్తే జవాబుకు బలం వస్తుంది.

ఒక జవాబు కట్టే తీరు

150 మార్కులకు 180 నిమిషాలు. అంటే 10 మార్కుల జవాబుకు 12 నిమిషాలు. 'అట్రాసిటీ చట్టం అమలును విశ్లేషించండి' అనే ప్రశ్న తీసుకుందాం.

మొదటి రెండు నిమిషాలు చిత్తు గీసుకోవడానికి. తొలి పేరాలో అధికరణం 17, 1955 చట్టం చాలకపోవడం, కారంచేడు తర్వాతి ఒత్తిడి, 1989 చట్టం. రెండో పేరాలో యంత్రాంగం: డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు, 60 రోజుల్లో చార్జిషీటు, ప్రత్యేక కోర్టులు, సాధ్యమైనంతవరకు రెండు నెలల్లో విచారణ పూర్తి, 15-ఎ కింద బాధితుల, సాక్షుల హక్కులు, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ.

మూడో పేరాలో అమలు. చుండూరు చాలు: 1991లో ఎనిమిది మంది దళితుల హత్య, 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టడం. 16 ఏళ్లకు కింది కోర్టు తీర్పు అన్న లెక్క, రెండు నెలల గడువు అన్న నిబంధన పక్కపక్కన పెడితే విశ్లేషణ దానంతటదే వస్తుంది. చివరి పేరాలో మార్గం: నాలుగో సెక్షన్ కింద నిర్లక్ష్యం చేసిన అధికారులపై చర్య, కమిటీ సమావేశాలు క్రమంగా జరపడం, సాక్షులకు రక్షణ.

జవాబు పత్రంలో జాగ్రత్త

పేరు, సొంత ఊరు, నినాదం, మత చిహ్నం, ప్రార్థన వాక్యం రాయొద్దు. గుర్తింపు బయటపడితే పత్రం చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. 'జై భీమ్' కూడా ఇందులోకే వస్తుంది. 'మా ధారూర్‌లో' అని కాకుండా 'వికారాబాద్ జిల్లాలో' అని రాయండి. 'మేం పడ్డ బాధ' బదులు చట్టం, సంఘటన, సంవత్సరం రాయండి. అనుభవం మీద ఎవరైనా అనుమానం పెట్టొచ్చు, సెక్షన్ నంబరు మీద పెట్టలేరు.

రోజుకు మూడు గంటలే ఉంటే

తెల్లవారుజామున గంటన్నర పాఠం: ఆరు నుంచి పదో తరగతి దాకా సోషల్ పుస్తకాలు, తర్వాత తెలుగు అకాడమీ, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు. సాయంత్రం అరగంట పత్రిక. రాత్రి గంట రాత: రోజుకు రెండు జవాబులు, గడియారం పెట్టుకొని. ఆదివారం పాత ప్రశ్నపత్రం. ముగ్గురు కలిసి ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటే కోచింగ్ లేని లోటు చాలావరకు తీరుతుంది.

ఎస్సీ స్టడీ సర్కిల్ ఉచిత శిక్షణ ప్రకటనలు గమనిస్తుండండి. యూపీఎస్సీ ప్రిలిమ్స్ దాటినవారికి 2024లో మొదలైన రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం కింద లక్ష రూపాయలు ఇస్తున్నారు. యూపీఎస్సీలో ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల వయసు దాకా ఎన్నిసార్లయినా రాసే వీలుంది. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలను నోటిఫికేషన్‌కు ముందే తీసిపెట్టుకోండి. కొత్త వర్గీకరణ ప్రకారం మీ కులం ఏ గ్రూపులో ఉందో సరిచూసుకోండి.

మీ నోట్స్ పూర్తయ్యాక రెండు జిరాక్స్ కాపీలు తీసి, ఒకటి మీరు చదివిన హాస్టల్లో ఇచ్చి రండి. అక్కడ చదివే చెల్లెలో తమ్ముడో ఈ వరుసను మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు.