కట్లపాము, పురుగుల మందు, ఊపిరి యంత్రం

కర్నూలు వైద్య కళాశాల 1956లో మొదలైంది. ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న చివరి ఏడాది అది. చేత్తో పిసికి ఊపిరి పోసే అంబు బ్యాగు డెన్మార్క్‌లో అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే. ఇది కాకతాళీయమే అయినా, కరువు సీమలో వెంటిలేటర్ మెదడుకు చేసే మేలూ కీడూ అర్థం కావాలంటే ముందు డెన్మార్క్ వైపే చూడాలి.

1952లో కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తింది. శ్వాస కండరాలు చచ్చుబడిన పిల్లలు చెమటలు పట్టి, మగతలోకి జారి చనిపోయేవారు. వైరస్ మెదడుకెక్కిందని వైద్యులు అనుకున్నారు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడమే అసలు కారణమని మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ వాదించి, ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక గొంతులోకి గొట్టం వేసి నిరూపించాడు. ఆ తర్వాత సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా సంచులు పిసికారు. సంచుల స్థానంలోకి వచ్చిన ఊపిరి యంత్రం ఈ మేలుకు రెండో ముఖాన్నీ చూపింది. గుండె కొట్టుకుంటున్నా మెదడు పూర్తిగా చచ్చిపోయిన రోగుల గురించి 1959లో పారిస్ వైద్యులు మొలారె, గులాఁ రాశారు. ఇలాంటి మెదడు మరణాన్ని (బ్రెయిన్ డెత్) గుర్తిస్తూ 1994లో మన పార్లమెంటు చేసిన అవయవ మార్పిడి చట్టానికి మూలం అక్కడుంది.

సీమలో మాత్రం ఇందుకు తలకిందులైన దృశ్యం కనిపిస్తుంది. నేలమీద చాప పరుచుకుని పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి మొదలై, రెప్పలు వాలి, గుటక పడక, చివరికి ఊపిరి ఆగుతుంది. విషం నరాల కొసలను దెబ్బతీస్తుంది. అవి మళ్లీ చిగురించేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి, యంత్రమే శ్వాస ఇవ్వాలి. ఆ దశలో టార్చి వేస్తే కంటిపాప కదలకపోవచ్చు, గిల్లినా ఉలుకూ పలుకూ ఉండదు. పారిస్ వైద్యులు వర్ణించిన స్థితేనని పొరబడే ప్రమాదం ఉంది. మెదడు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. మంచం పక్కన ఎవరో ‘అబ్బికి ఇంక లాభం లేదంట’ అంటే అతనికి వినపడుతూనే ఉండొచ్చు. బ్రెయిన్ డెత్ అనే ముందు పాముకాటు కాదని తేల్చుకోవడం ఇక్కడ ప్రాణావసరం.

పురుగుల మందు తాగినవారి సంగతి మరింత చిక్కు. కోలుకున్నట్టే కనిపించి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, శ్వాస కండరాలు పడిపోతాయని 1987లో శ్రీలంక వైద్యులు వివరించారు. వెంటిలేటర్ మీద రోగి పెనుగులాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, తప్పు పురుగుల మందుదా, విరుగుడుగా ఇచ్చిన అట్రోపిన్‌దా, నిద్రమత్తు ఇంజెక్షన్‌దా, యంత్రందా? ఒకదాని మీదే నెపం వేయడం తొందరపాటని నా అభిప్రాయం. యంత్రం పాత్ర లేదనీ కాదు: శ్వాస మరీ వేగంగా ఇస్తే బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. 2013లో అమెరికాలో 821 మంది ఐసీయూ రోగులను పరిశీలిస్తే నూటికి 74 మందికి మతిభ్రమ కలిగింది. ఏడాది తర్వాత కూడా మూడోవంతు మంది ఆలోచనాశక్తి తలకు ఓ మోస్తరు గాయమైనవారి స్థాయిలోనే ఉంది.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా కర్నూలు జిల్లాలోనే ఎక్కువ కరోనా కేసులుండగా, ఐసీయూల్లోకి బంధువులను రానివ్వలేదు. కుటుంబం చూసి వెళ్లిన కోవిడ్ రోగుల్లో మతిభ్రమ తక్కువని 14 దేశాల ఐసీయూల పరిశీలన మరుసటి ఏడాది తెలిపింది.